ఓపెన్ క్యారీ బిల్లు మీద మీ మాట టెక్సస్ చట్టసభలో వినపడాలంటే: మొదటి నుంచి చివరి దాకా

మా పెదనాన్న దగ్గర లైసెన్స్ తుపాకీ ఒకటి ఉండేది. ఎలక్షన్ నోటిఫికేషన్ వచ్చిందంటే దాన్ని గుడ్డలో చుట్టుకుని పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవాడు. అలాంటి చోటి నుంచి వచ్చి డాలస్ పక్కన కాపురం పెట్టినవాణ్ని కదా, కిరాణా కొట్టు లైన్లో నా ముందు మనిషి నడుముకి పిస్తోలు వేలాడుతుంటే మొదట్లో బిల్లు కట్టడం కూడా మర్చిపోయి దాన్నే చూస్తూ నిలబడేవాణ్ని. ఇప్పుడు అలవాటైంది. నాకూ లైసెన్స్ ఉంది, కానీ పైకి కనపడేలా పెట్టుకుని తిరగడం నాకు నచ్చదు. ఈ సంగతి ముందే చెప్తున్నా, ఎందుకంటే ఇది ఓపెన్ క్యారీ, అంటే తుపాకీ పైకి కనపడేలా పెట్టుకుని తిరగడం, కావాలనే వాళ్లకీ వద్దనే వాళ్లకీ పనికొచ్చేలా రాశాను. దారి ఒక్కటే, నడిచే దిక్కే వేరు.

ఉదాహరణకి 2015 నాటి హెచ్‌బీ 910 (హౌస్ బిల్లు, అంటే చట్టసభ దిగువ సభలో పుట్టిన బిల్లు) తీసుకుందాం. లైసెన్స్ ఉన్నవాళ్లు చేతి తుపాకీని నడుము బెల్టుకో భుజానికో ఉన్న ఒరలో, అందరికీ కనపడేలా పెట్టుకోవచ్చని చెప్పిన చట్టం అదే. మామూలు జనం ఏం చేస్తే బిల్లు కదిలిందో, ఏం చేస్తే మునిగిపోబోయిందో రెండూ ఇందులో ఉన్నాయి.

అన్నిటికంటే ముందు: మీ వీసా ఏంటి?

దీన్ని దాటేసి ముందుకెళ్లొద్దు. హెచ్‌1బీ, ఎఫ్‌1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం మామూలుగా ఫెడరల్ నేరం. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి కానీ వాటిని నమ్ముకునే ముందు లాయర్‌ని అడగండి, వాట్సాప్ గ్రూపుని కాదు. ర్యాలీలో ఎవరో స్నేహంగా "ఒకసారి పట్టుకో బ్రదర్, ఫోటో తీస్తా" అంటారు. పట్టుకోవద్దు. ఆ ఒక్క ఫోటో మీ ఇమ్మిగ్రేషన్ ఫైల్లో ఎక్కడ తేలుతుందో చెప్పలేం. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ నిషేధం లేదు.

డబ్బు సంగతీ అంతే. వీసా మీద ఉన్నవాళ్లు ఏ అభ్యర్థికీ, ఏ స్థాయి ఎన్నికలోనూ చందా ఇవ్వకూడదు. గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు. అయితే నోరు మాత్రం అందరికీ ఉంది. కమిటీ ముందు మాట్లాడటానికి ఓటు హక్కు ఉండాలన్న రూలు లేదు. మీ ఊళ్లో మీ పిల్లలు బడికి వెళ్తున్నారు, మీరు పన్ను కడుతున్నారు, మాట్లాడటానికి అది చాలు. కాకపోతే ఎదురుగా కూర్చున్నవాడు "నా నియోజకవర్గం ఓటరేనా?" అని మనసులో లెక్క వేసుకుంటాడు. అందుకే ఎప్పుడు వెళ్లినా పక్కన ఒక ఓటరుని వెంటబెట్టుకుని వెళ్లండి.

ఇప్పుడున్న చట్టం ఏంటో తెలుసుకోండి

టెక్సస్ అంటే కౌబాయ్‌లు, తుపాకులు అనుకుంటాం గానీ, ఇక్కడ చేతి తుపాకీ పెట్టుకుని బయట తిరగడాన్ని 1871లోనే నిషేధించారు. దాచి పెట్టుకోవడానికి లైసెన్స్ ఇచ్చే చట్టం 1995లో, జార్జ్ డబ్ల్యూ బుష్ గవర్నర్‌గా ఉన్నప్పుడు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు ఇదే విషయం మీద ప్రజాభిప్రాయం అడుగుదామన్న బిల్లుని అప్పటి గవర్నర్ ఆన్ రిచర్డ్స్ వీటో చేశారు. ఆ తర్వాత కనపడేలా పెట్టుకోవడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. 2015 నాటికి కాలిఫోర్నియా, ఫ్లోరిడా, ఇల్లినాయ్, న్యూయార్క్, సౌత్ కరోలినాలతో పాటు నిషేధం ఉన్న కొద్ది రాష్ట్రాల్లో టెక్సస్ కూడా ఉందంటే చాలామంది నమ్మరు. తమాషా ఏంటంటే పొడవాటి రైఫిల్‌ని భుజాన వేసుకుని వీధిలో నడవడం మాత్రం అప్పుడూ తప్పు కాదు.

2021లో హెచ్‌బీ 1927 వచ్చి, ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి అర్హత ఉన్నవాళ్లకి లైసెన్స్ అవసరమే లేకుండా చేసింది. కాబట్టి ఇవాళ "ఓపెన్ క్యారీ తేవాలి" అనో "రానివ్వకూడదు" అనో టెక్సస్‌లో బయల్దేరితే అది పాత రైలు, ఎప్పుడో వెళ్లిపోయింది. ఇప్పుడు పేచీ అంతా వివరాల దగ్గరే ఉంటుంది: ఏ చోట్లలో వద్దు, ఎవరికి వద్దు, బోర్డు ఎలా పెట్టాలి, పోలీసులు ఎప్పుడు ఆపొచ్చు. మీకు కావాల్సింది వీటిలో ఏదో ఒక్క వాక్యంలో రాసుకోండి. "గన్ సేఫ్టీ కావాలి", "సెకండ్ అమెండ్‌మెంట్ కాపాడాలి" (తుపాకీ హక్కు గురించి చెప్పే రాజ్యాంగ సవరణ) అని రాసుకుంటే అది బ్యానర్ మీదికి పనికొస్తుంది, బిల్లుకి కాదు.

క్యాలెండర్ గోడకి తగిలించండి

నూటికి తొంభై మంది జారిపోయేది ఇక్కడే అని నా అనుమానం. టెక్సస్ చట్టసభ ఏడాది పొడుగునా నడవదు. బేసి సంఖ్య ఏడాదిలో, జనవరి రెండో మంగళవారం మొదలై 140 రోజులు నడుస్తుంది, అంతే. మళ్లీ రెండేళ్ల దాకా, గవర్నర్ ప్రత్యేక సమావేశం పెడితే తప్ప, తలుపు మూసే ఉంటుంది. 2027 సమావేశాన్నే చూడండి: జనవరి 12న మొదలు, మే 31న ఆఖరు. బిల్లులు మాత్రం అంతకు ముందే, 2026 నవంబర్ ఎన్నికలయ్యాక వచ్చే సోమవారం నుంచే దాఖలు చేసుకోవచ్చు. మామూలు బిల్లులకి చివరి గడువు అరవయ్యో రోజు, అంటే మార్చి 12. గవర్నర్ అత్యవసరం అని ప్రకటించిన వాటిని వదిలేస్తే, ఆ మొదటి అరవై రోజుల్లో సభ బిల్లుల మీద ఓటు దాకా పోదు.

దీని అర్థం ఏంటంటే, మార్చిలో పేపర్లో వార్త చదివి ఆవేశం తెచ్చుకుంటే అప్పటికే ఆలస్యమైంది. పని జరగాల్సింది ముందు ఏడాది వేసవిలో, వాళ్లు సొంత ఊళ్లో ఖాళీగా ఉన్నప్పుడు. 2015లో ఆరు వేలకు పైగా బిల్లులు దాఖలైతే గట్టెక్కినవి పదమూడు వందల పైచిలుకు. బిల్లుని పాస్ చేయించడం కష్టం, ఆపడం సులువు. వద్దనే పక్షంలో ఉన్నవాళ్లకి గడియారమే పెద్ద దోస్తు.

మీ ఎమ్మెల్యే ఎవరు?

హౌస్‌లో 150 మంది, సెనేట్‌లో 31 మంది. మన లెక్కలో హౌస్ సభ్యుణ్ని ఎమ్మెల్యే అనుకోండి. చట్టసభ వెబ్‌సైట్‌లో మీ ఇంటి అడ్రస్ కొడితే మీ హౌస్ సభ్యుడు, మీ సెనేటర్, ఇద్దరి పేర్లూ వస్తాయి. వాషింగ్టన్‌లో కూర్చునే కాంగ్రెస్ సభ్యుడితో వీళ్లని కలిపేయకండి. మనవాళ్లు చేసే మొట్టమొదటి పొరపాటు అదే, స్టేట్ బిల్లు గురించి యూఎస్ సెనేటర్ ఆఫీసుకి ఫోన్ చేసి అరగంట మాట్లాడిన పెద్దమనిషి నాకు బాగా తెలుసు (అద్దంలో కనపడుతుంటాడు).

అపాయింట్‌మెంట్ అడగండి. నాయకుడు దొరక్కపోతే సహాయకుడు దొరుకుతాడు, పాతికేళ్ల కుర్రాడో అమ్మాయో. చిన్నచూపు చూడొద్దు. బిల్లు చదివేది, సారాంశం రాసేది, "సార్, దీనికి మన ఊళ్లో వ్యతిరేకత ఉంది" అని చెవిలో వేసేది వాళ్లే. పావుగంటకి మించి కూర్చోవద్దు. ఒకే ఒక్క పేజీ ఇచ్చి రండి: బిల్లు నంబరు, మీరు అడుగుతున్నది ఒక వాక్యం, అది మీ జీవితానికి ఎలా తగులుతుందో నాలుగు లైన్లు, ఫోన్ నంబరు. ఇంటికి రాగానే థాంక్స్ మెయిల్. ఇండియాలోలా శాలువా, బొకే అక్కర్లేదు. కానుకల మీద ఇక్కడ నిబంధనలు ఉన్నాయి, స్వీట్ బాక్స్ కూడా ఇంట్లోనే పెట్టి వెళ్లండి.

ఇంకో మాట. ఇక్కడ చాలా నియోజకవర్గాల్లో నవంబర్ ఎన్నిక లాంఛనమే, అసలు గెలుపు సరిసంఖ్య ఏడాది మార్చిలో జరిగే పార్టీ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో ఓటర్లే తేల్చే ఎన్నికలో, తేలిపోతుంది. దానికి వచ్చే జనం తక్కువ. టెక్సస్‌లో ఓటరుగా నమోదైనప్పుడు పార్టీ పేరు చెప్పక్కర్లేదు, ఏ ప్రైమరీలో ఓటేయాలో ఆ రోజు మీరే తేల్చుకోవచ్చు. ప్రైమరీలో ఓటేసే యాభై తెలుగు కుటుంబాలు ఒక చోట ఉన్నాయని తెలిస్తే ఆ ఆఫీసులో ఫోన్ ఎత్తే తీరే మారిపోతుంది. ప్రైమరీ అయ్యాక పార్టీల ప్రీసింక్ట్ (మన పోలింగ్ బూత్ పరిధి లాంటిది) సమావేశాలు జరుగుతాయి. అక్కడ మీరే తీర్మానం పెట్టొచ్చు, అది పైకి వెళ్లి పార్టీ మేనిఫెస్టో లాంటి పత్రంలో చేరినా చేరొచ్చు. ఓపెన్ క్యారీ మద్దతుదార్లకి బలం చాలా మటుకు ఈ ప్రైమరీ ఓటర్ల నుంచే వచ్చింది.

జట్టు కట్టడం, నోరు జారకపోవడం

2013లో టెంపుల్ అనే ఊరి దగ్గర కొడుకుతో నడకకి వెళ్లిన సి.జె. గ్రిషమ్ అనే సైనికుణ్ని, మెడలో రైఫిల్ ఉందని పోలీసులు ఆపి అరెస్టు చేశారు. వీడియో పాకిపోయింది. ఆ కోపంలోంచి పుట్టిందే ఓపెన్ క్యారీ టెక్సస్ అనే సంఘం. చేతి తుపాకీ మీద నిషేధం ఉంది కాబట్టి, నిషేధం లేని రైఫిళ్లు భుజాన వేసుకుని ఊరేగింపులు తీశారు. హోటళ్లలోకీ వెళ్లారు. 2014 మేలో చిపోట్లే, సోనిక్, చిలీస్ ఒకదాని వెనక ఒకటి "దయచేసి మా దగ్గరికి తుపాకులు తేవద్దు" అనేశాయి. ఎదుటి పక్షాన, తుపాకుల మీద కట్టడి కోరే మామ్స్ డిమాండ్ యాక్షన్ అనే సంఘం తల్లులు ఆ ఫోటోలనే చూపించి కంపెనీల మీద ఒత్తిడి తెచ్చారు. రైఫిల్ పట్టుకున్న వాళ్లే ఎదుటి వాళ్ల పోస్టర్లు ముద్రించి ఇచ్చినట్టు అయింది. చివరికి ఆ సంఘాలే తమ సభ్యులకి పొడవాటి తుపాకులు షాపుల్లోకి తీసుకెళ్లొద్దని చెప్పుకోవాల్సి వచ్చింది.

అక్కడితో ఆగలేదు. 2015 జనవరి 13, సమావేశాల మొదటి రోజు. కొందరు ఓపెన్ క్యారీ కార్యకర్తలు పోంచో నెవారెజ్ అనే డెమోక్రాట్ సభ్యుడి ఆఫీసులోకి వెళ్లి, ఆయన బయటికి వెళ్లమన్నా కదలకుండా వాదన పెట్టుకుని, ఆ వీడియో వాళ్లే పెట్టుకున్నారు. మర్నాడే హౌస్ సభ్యుల ఆఫీసుల్లో ప్యానిక్ బటన్లు పెట్టుకునే వీలు కల్పించారు. ఆ నెలాఖర్లో, సెనేట్‌ని నడిపే లెఫ్టినెంట్ గవర్నర్ డాన్ పాట్రిక్, ఓపెన్ క్యారీకి సరిపడా ఓట్లు లేవన్నట్టు మాట్లాడారు. ఆయన తుపాకీ హక్కుల పక్షం మనిషే, తర్వాత సర్ది చెప్పుకున్నారు. కానీ సొంత జట్టు గోల వల్ల సొంత కెప్టెన్ కూడా ఒక అడుగు వెనక్కి వేశాడనే నేను చదువుకున్నాను.

నా సలహా పాతకాలపుదిలా ఉంటుంది. మీరు ఏ పక్షమైనా సరే, మీ జట్టులో ఎవరు కెమెరా ముందు మాట్లాడాలో ముందే తేల్చుకోండి, ఆఫీసులో వీడియో తీయొద్దని రాసి పెట్టుకోండి, ర్యాలీకి తుపాకీ చట్టబద్ధమే అయినా ఇంట్లో పెట్టి రండి. ఎనిమిది మంది చాలు. ఒకరు బిల్లు స్టేటస్ చూస్తారు (వెబ్‌సైట్‌లో అలర్ట్ పెట్టుకోవచ్చు), ఒకరు ఫోన్ల లిస్టు చూస్తారు, ఇద్దరు రాజధాని ఆస్టిన్ వెళ్లగలిగిన వాళ్లు ఉండాలి. గుడి తరఫునో తెలుగు సంఘం తరఫునో చేద్దామని ఎవరైనా అంటే కాస్త ఆగండి: పన్ను మినహాయింపు ఉన్న ఇలాంటి సంస్థలు బిల్లుల మీద పరిమితంగా మాట్లాడొచ్చు గానీ ఏ అభ్యర్థికీ ప్రచారం చేయకూడదు. సొంత పేర్లతో చేసుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

విచారణ రోజు

దీని కోసమే ఇదంతా. మన దగ్గర బిల్లు మీద అభ్యంతరం ఉంటే ధర్నా చౌక్‌కో కలెక్టరేట్‌కో వెళ్లి వినతిపత్రం ఇస్తాం. ఇక్కడ కమిటీ విచారణ అని ఉంటుంది, ఎవరైనా వెళ్లి, పేరు రాయించుకుని, సభ్యుల ఎదుటే మైకులో మాట్లాడొచ్చు. నాకు మొదటిసారి నమ్మబుద్ధి కాలేదు.

హౌస్ కమిటీ విచారణకి అయిదు రోజుల ముందు నోటీసు పెడతారు, సెనేట్‌కి ఇరవై నాలుగు గంటలు చాలు. కాబట్టి సెలవు ముందే అడిగి పెట్టుకోండి. పెందలాడే బయల్దేరండి. కమిటీ గదులు ఎక్కువగా క్యాపిటల్ భవనానికి వెనక, భూమి కింద కట్టిన భాగంలో ఉంటాయి. గుమ్మం దగ్గర మెటల్ డిటెక్టర్ క్యూ ఉంటుంది. తుపాకీ లైసెన్స్ చూపించిన వాళ్లు ఆ క్యూ తప్పించుకుని పక్క నుంచి వెళ్లిపోతారు. తుపాకీ లేకపోయినా క్యూ తప్పుతుందని లాబీయిస్టులు (డబ్బు తీసుకుని బిల్లుల కోసం సభ్యుల చుట్టూ తిరిగేవాళ్లు) లైసెన్స్ తీసుకున్నారంటే నవ్వొచ్చింది గానీ నిజమే.

హౌస్‌కైతే అక్కడున్న కియోస్కులో (కంప్యూటర్ తెర ఉన్న చిన్న స్టాండు) నమోదు చేసుకోవాలి. అనుకూలమా, వ్యతిరేకమా, తటస్థంగా సమాచారం కోసమా, మాట్లాడతారా లేక పేరు మాత్రమే నమోదా, అన్నీ అడుగుతుంది. మాట్లాడటానికి భయమైతే పేరు నమోదు చేసి కూర్చోండి, అది కూడా రికార్డులో ఉంటుంది. వివరాలు తప్పు లేకుండా నింపండి. సాక్షుల జాబితాలో చిన్న తేడా దొరికినా బిల్లుని సాంకేతిక అభ్యంతరంతో వెనక్కి పంపించగల ఘనులు సభలో ఉంటారు. రాలేని వాళ్లు హౌస్ కమిటీకి ఆన్‌లైన్‌లో కామెంట్ రాయొచ్చు.

టైము మాత్రం దేవుడెరుగు. నోటీసులో "సభ వాయిదా పడ్డాక" అని ఉంటుంది, అది మధ్యాహ్నం రెండు కావచ్చు, రాత్రి ఏడు కావచ్చు. నేను ఒకసారి ఒక తుపాకీ బిల్లు కోసం పొద్దున్నే వెళ్లి, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర రెండు పూటలా తిని, రాత్రి పదకొండింటికి మాట్లాడాను. అప్పటికి కమిటీలో ముగ్గురే మిగిలారు, ఒకాయన ఫోన్ చూసుకుంటున్నాడు. రెండు నిమిషాలు ఇచ్చారు, ఒకటిన్నరకే నా గొంతు ఎండిపోయింది.

ఆ రెండు మూడు నిమిషాల్లో ఏం చెప్పాలి? గణాంకాలు చదవొద్దు, అవి వాళ్ల దగ్గర ఉంటాయి. మీ దగ్గర మాత్రమే ఉన్నది చెప్పండి. సుజానా హప్ అనే ఆవిడ 1991లో కిల్లీన్‌లోని లూబీస్ హోటల్లో అమ్మానాన్నలతో భోంచేస్తుండగా ఒకడు వచ్చి అక్కడున్న వాళ్లని కాల్చేశాడు. 23 మంది చనిపోయారు, ఆవిడ తల్లిదండ్రులతో సహా. ఆమె తన తుపాకీని అప్పటి చట్టానికి భయపడి కార్లో వదిలేసి వచ్చింది. ఆ ఒక్క విషయాన్ని ఆవిడ వెళ్లిన ప్రతి చోటా చెప్పుకుంటూ తిరిగింది, 1995 చట్టం వెనక ఆ గొంతు ఉంది, తర్వాత ఆవిడే చట్టసభకి ఎన్నికైంది. ఆవిడతో మీరు ఏకీభవించక్కర్లేదు, నాకూ కొన్ని ప్రశ్నలున్నాయి. కానీ ఆవిడ మాట్లాడిన తీరు నేర్చుకోదగ్గది. వ్యతిరేకించే వాళ్లలోనూ ఇలాగే పనిచేసిన మాటలున్నాయి: 2015లో పోలీసు చీఫుల సంఘం సర్వేలో స్పందించిన వాళ్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది ఓపెన్ క్యారీ వద్దన్నారు, యూనిఫాంలో వచ్చి చెప్పిన ఆ మాటకి బరువు ఎక్కువ.

మన యాస గురించి బెంగ వద్దు. కాగితం చూసి చదవకుండా, నెమ్మదిగా, పేరు, ఊరు, బిల్లు నంబరు, అనుకూలమో వ్యతిరేకమో మొదటి వాక్యంలోనే చెప్పేయండి. ప్రశ్న అడిగి మీకు తెలియకపోతే "తెలుసుకుని మెయిల్ చేస్తాను" అనండి, చేయండి.

కమిటీ దాటాక

ఇక్కడ అసహనం వద్దు. హౌస్‌లో కమిటీ దాటిన బిల్లు క్యాలెండర్స్ కమిటీకి వెళ్తుంది, సభలో ఏ రోజు ఏది రావాలో వాళ్లు పెడతారు. చాలా బిల్లులు చప్పుడు లేకుండా చచ్చిపోయేది అక్కడే, ఎవరూ వ్యతిరేకంగా ఓటు కూడా వేయక్కర్లేదు. మీ ఫోన్లన్నీ ఆ వారం ఆ కమిటీ సభ్యులకి మళ్లించండి.

సెనేట్ లెక్క వేరు. బిల్లుని చర్చకి తేవడానికి అంతకు ముందు మూడింట రెండొంతులు, అంటే 21 మంది కావాల్సి వచ్చేది. 2015 జనవరిలో దాన్ని 19కి దించారు. బిల్లు కావాలనే రిపబ్లికన్లు 20 మంది. పాత రూలే ఉంటే డెమోక్రాట్లు కదలనిచ్చేవాళ్లు కాదు. సమావేశాల మొదట్లో ఎవరూ పట్టించుకోని రూల్సు మార్పు తుపాకీ బిల్లు తలరాత మార్చింది. మీరు ఏ పక్షమైనా, మొదటి వారం రూల్స్ మీద జరిగే ఓటుని తప్పకుండా చూడండి.

ఇంక సవరణలు. హెచ్‌బీ 910లో అసలు కథ చివర్లో నడిచింది. ఒరలో తుపాకీ కనపడినంత మాత్రాన లైసెన్స్ చూపించమని పోలీసులు ఆపకూడదని ఒక సవరణ పెట్టారు. హౌస్‌లో పెట్టింది హ్యూస్టన్ డెమోక్రాట్ హెరాల్డ్ డట్టన్, నల్లజాతి యువకులనే ఆపుతారన్న భయంతో. సెనేట్‌లో పెట్టింది డాన్ హఫైన్స్ అనే గట్టి రిపబ్లికన్, ప్రభుత్వం వేలు పెట్టకూడదన్న పట్టుదలతో. మిగతా ఏ విషయంలోనూ పొసగని ఇద్దరు ఒక్క వాక్యం దగ్గర కలిశారు. పోలీసు సంఘాలు గట్టిగా అడ్డుపడ్డాయి, చివరికి రెండు సభల ఉమ్మడి కమిటీలో ఆ వాక్యాన్ని తీసేశారు. మే 29న సెనేట్ 20-11, హౌస్ 102-43 ఓట్లతో బిల్లు గట్టెక్కింది. బిల్లుని ఆపలేని వాళ్లు కూడా ఒక వాక్యాన్ని తీయించగలిగారన్నది గుర్తుంచుకోండి. మీ ఎదుటి జట్టులో మీ సవరణకి చెయ్యెత్తేవాడు ఉండొచ్చు, అడిగి చూడండి.

జూన్ 13న గవర్నర్ గ్రెగ్ అబాట్ ఫ్లూగర్‌విల్‌లోని ఒక షూటింగ్ రేంజిలో సంతకం పెట్టారు, 2016 జనవరి 1 నుంచి అమలు. సంతకం పెట్టకపోయినా గడువు దాటితే చట్టమవుతుంది, కాబట్టి వద్దనుకునే వాళ్లు వీటో అడగాల్సిందే. ఉత్తరాలు ఆ రోజుల్లోనే వెళ్లాలి.

చట్టం వచ్చాక గుమ్మం దగ్గర పని

మీ షాపులోకో ఆఫీసులోకో కనపడే తుపాకీ వద్దనుకుంటే 30.07 బోర్డు, దాచిన తుపాకీ వద్దనుకుంటే 30.06 బోర్డు, రెండూ లైసెన్స్ ఉన్నవాళ్ల కోసం (ఈ అంకెలు టెక్సస్ శిక్షాస్మృతిలో సెక్షన్ నంబర్లు). లైసెన్స్ లేకుండా పెట్టుకునే వాళ్ల కోసం 2021లో 30.05 బోర్డు కూడా వచ్చింది. 30.06, 30.07 బోర్డుల్లో చట్టం చెప్పిన మాటలే ఉండాలి, అక్షరాలు అంగుళం ఎత్తుకి తగ్గకూడదు, రంగు కొట్టొచ్చినట్టు కనపడాలి, ఇంగ్లిష్‌లోనూ స్పానిష్‌లోనూ రెండిట్లోనూ ఉండాలి. గుళ్లకీ ఇదే వర్తిస్తుంది. 2019 చట్టం తర్వాత ప్రార్థనా స్థలాల్లో నోటీసు పెట్టకపోతే లైసెన్స్ ఉన్నవాళ్లు తుపాకీతో రావచ్చు. మాకు తెలిసిన ఒక గుడిలో చెప్పుల స్టాండు పక్కన "ఆయుధములతో ప్రవేశము నిషేధము" అని చక్కటి తెలుగులో పెయింట్ చేయించి, కింద తులసి కోట దాకా కనపడేలా పెట్టారు. వచ్చే కమిటీ మీటింగులో ఆ స్పానిష్ బోర్డు ఎవరు ఆర్డర్ చేస్తారో తేలాల్సి ఉంది.